పక్కింట్లోకి వెళ్లిన డెక్

పట్టా చేతికొచ్చిన కొత్తలో మనిషికి తెలియనిదంటూ ఉండదు. నాకూ కొన్నాళ్లు అలాగే ఉండేది. గుంటూరులో సివిల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి, విన్నిపెగ్ వచ్చి మరో రెండేళ్ల కోర్సు చదివి, ఉద్యోగాలకు అప్లై చేస్తూ, ఈలోగా ఒక గోడౌన్‌లో పెట్టెలకు చీటీలు అంటిస్తున్న రోజులవి. అప్పటిదాకా నేను కట్టిన కట్టడం ఒక్కటీ లేదు. (కాలేజీలో ప్రాజెక్టుగా కల్వర్టు ఒకటి చేశాను. అది మా సీనియరు చేసిందే. పేరు మార్చడం వరకు నా శ్రమ.) అయినా ఎవరైనా గోడ గురించి మాట్లాడితే చాలు, కళ్లు చిట్లించి దాన్ని పరీక్షగా చూడటం మాత్రం బాగా అలవాటైంది.

నేను అద్దెకున్న బేస్‌మెంట్ వరంగల్ నుంచి వచ్చిన ఒక అంకుల్, ఆంటీలది. ఇల్లు చాలా పాతది. వంటింటి వెనక తలుపు తీస్తే నేలకు నాలుగడుగుల ఎత్తున, పట్టుకుంటే ఊగే చెక్కమెట్లు. అంతకుముందు చలికాలంలో ఆంటీ వాటి మీద జారిపడి ఆరు వారాలు చేతికి కట్టుతో ఉన్నారు. ఆ తర్వాత వెనక తలుపు తీయడమే మానేశారు. ఆ ఊళ్లో ఎండ దొరికేదే నాలుగు నెలలు. ఆ కాస్త ఎండనూ ఆవిడ కిటికీ అద్దంలోంచి చూస్తూ కూర్చోవడం అంకుల్‌కు నచ్చలేదు. ఈసారి వెనక తలుపు ముందు డెక్, అంటే చెక్కల అరుగు, వేయించి తీరతానన్నారు. పర్మిట్ కావాలని తెలిశాక, మన పెరట్లో మనం నాలుగు చెక్కలు వేసుకోవడానికి సిటీ వాళ్లను అడగడమేమిటని కాసేపు విసుక్కున్నారు. ప్లాన్ కూడా గీసివ్వాలని తెలిశాక మాత్రం నావైపు చూశారు.

"ఇంట్లనే ఇంజినీర్ సాబ్ ఉండంగ బయటోళ్లెందుకు?" అన్నారు.

రెండు రోజుల్లో గీసిస్తానన్నాను. ఒక్క సాయంత్రంలోనే గీసేశాను. పెరట్లో అటూ ఇటూ నడిచి, నా పాదాలతోనే కొలిచాను. ఇక కంప్యూటర్‌లో చెక్కలకు రంగు, రంగుకు నీడ, మూలన ఒక పూలకుండీ, కుండీలో బంతిపూలు. అంకుల్ దాన్ని చూసి మురిసిపోయి వాట్సాప్‌లో వరంగల్ అంతా పంచారు. మర్నాడు ఇద్దరం సిటీ ఆఫీసుకు వెళ్లాం. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. కౌంటర్లో ఉన్న తెల్లజుట్టావిడ నా ప్లాన్‌ను చాలాసేపు చూశారు. ఆ మౌనాన్ని నేను మెచ్చుకోలు కింద జమకట్టాను. ఆవిడ మా వీధి మ్యాపు తీసి పక్కన పెట్టుకుని, స్కేలుతో కొలిచి, ఎంతో మర్యాదగా అడిగారు.

"మీ డెక్ పక్కవాళ్ల వంటింటి దాకా వెళ్తోంది. వాళ్లకు ఈ సంగతి తెలుసా?"

పన్నెండు అడుగులనాల్సిన చోట కంప్యూటర్‌కు పన్నెండు మీటర్లని చెప్పాను. అక్కడితో అయిపోలేదు. మీ స్థలం హద్దు ఎక్కడుంది, స్తంభాల గోతులు ఎంత లోతు, ఆ పాత గోడ డెక్ బరువు మోస్తుందని మీకెలా తెలుసు, అని ఒక్కొక్కటే అడిగారు. నేను అన్నింటికీ తల ఊపాను. (తల ఊపడం ఏ దేశంలోనూ జవాబు కాదని ఆ రోజే తెలిసింది.) చివరికి ఒక కరపత్రం చేతిలో పెట్టి, చదువుకుని రమ్మన్నారు. తిరిగి వచ్చేటప్పుడు కార్లో అంకుల్ చూపంతా రోడ్డు మీదే. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయన భుజాలు కదలడం చూసి, ఏడుస్తున్నారేమోనని హడలిపోయాను. ఆయన నవ్వు ఆపుకుంటున్నారు.

ఆంటీ మాత్రం నవ్వలేదు. ఊళ్లో సగం మంది తెలుగు ఆడవాళ్లకు జాకెట్లు కుట్టే మనిషి ఆవిడ. అంతా విని, మిషను సొరుగులోంచి టేపు తీశారు. "జాకెట్ కుట్టాల్నంటెనే ముందుగాల కొలతలు తీస్కుంటం బిడ్డా. గింత పెద్ద డెక్‌కు వద్దా?" అన్నారు.

ముందు గుమ్మంలోంచి ఇల్లంతా చుట్టి పెరట్లోకి వచ్చి, ఆవిడ కొలుస్తుంటే నేను రాసుకున్నాను. పక్కింటి పెద్దాయన (తల మీద టోపీ లేకుండా ఎప్పుడూ చూడలేదు కాబట్టి మాకు టోపీ తాత) కంచె మీదుగా ఏమిటని అడిగాడు. నా డెక్ ఆయన వంటింట్లోకి వచ్చిన సంగతి ఒప్పుకున్నాను. అలాగైతే రోజూ టీకి రావడం సులువని ఆయన అన్నాడు. తర్వాత పార తెచ్చి, లైలాక్ పొద కింద ఎక్కడ తవ్వాలో చూపించాడు. జానెడు లోతులో తుప్పుపట్టిన ఇనుప గుర్తు బయటపడింది. అదే మా హద్దు. ఆంటీ గళ్ల కాగితం మీద, గుడ్డ మీద సుద్దతో గీసినంత నమ్మకంగా ప్లాన్ గీశారు. నేను ఆ కరపత్రాన్ని మూడుసార్లు చదివి, పాత గోడను ముట్టుకోకుండా డెక్‌ను సొంత కాళ్ల మీద నిలబెట్టాలనీ, గోతులు చలికి నేల గడ్డకట్టే లోతు దాటాలనీ చేర్చాను. ఆ లోతు చూసి, బావి తవ్వుతున్నామా అని అంకుల్ అడిగారు. ప్లాన్ కింద నా పేరు రాయమని ఆంటీ పట్టుబట్టారు, ఉద్యోగానికి పనికొస్తుందని. రాశాను.

ఈసారి పర్మిట్ వచ్చింది. మెషీన్‌తో గోతులు తీయించాక, కాంక్రీటు పోసే ముందు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. గోతుల్లో టార్చి వేసి చూసి, టేపు దింపి చూసి, ప్లాన్ తిరగేసి, కింద పేరు చూసి, ఇంత శుభ్రంగా గీసింది మీరేనా అని నన్ను అడిగాడు. తన స్నేహితుడి ఆఫీసులో ఇలా గీసేవాళ్ల కోసం చూస్తున్నారట. అతని వెనక నిలబడి ఆంటీ, "నువ్వేనని చెప్పు" అన్నట్టు గట్టిగా సైగ చేస్తున్నారు. నాకు గోడౌను, చీటీలు, జిగురు వాసన అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నోరు తెరిచాను.

"గీసింది ఈవిడండీ. పూలకుండీ ఉన్న మొదటి ప్లాన్ నాది," అన్నాను.

ఆ కుండీ గురించి అతను ఆఫీసులో అప్పటికే విన్నాడట. కంచె పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత ఆంటీ వైపు తిరిగి, ఈ పని ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు. ఆవిడ ఇంగ్లీషులో ఒకే మాట చెప్పారు. "బ్లౌజ్."

నాకు ఆ ఉద్యోగం రాలేదు. ఆ విషయమై ఆంటీ నన్ను వారంపాటు తిడుతూనే పెసరట్లు పెట్టారు. మూడు శనివారాల్లో డెక్ లేచింది. అంకుల్ వెనక తలుపు తీసి పట్టుకుంటే, ఆవిడ ముందు ఒక కాలు పెట్టి నొక్కి చూసి, తర్వాత రెండోది పెట్టి, నడుచుకుంటూ చివరిదాకా వెళ్లి ఎండలో కుర్చీ వేసుకున్నారు. ఆ పైన నన్ను పిలిచి, గొంతు తగ్గించి అడిగారు.

"నిజం చెప్పు బిడ్డా, నువ్వు సివిలేనా?"

"పాసైతే అయ్యాను ఆంటీ."

అప్పుడు నవ్వారు, అంకుల్ లోపలినుంచి పరుగెత్తుకొచ్చేంతగా.

ఇప్పుడు అదే దేశంలో కనాటా అనే ఊళ్లో ఉద్యోగం, సొంత ఇల్లు. ఒక మేకు కొట్టాలన్నా రెండుసార్లు కొలిచి, మూడోసారి మా ఆవిడ చేత కొలిపిస్తాను. అప్పుడప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని కౌంటర్ ముందు ఛాతీ విరుచుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. ఎదురైతే దగ్గరికి తీసుకుని భుజం తట్టాలనిపిస్తుంది. మా ఇంటి ప్లాన్ మాత్రం వాడి చేత గీయించుకోను.