రెండు కాళ్ళూ పోయినవాడి మీద కుళ్ళు

రామిజ్‌కి కుళ్ళు ఎక్కువ. ఇది చాటుగా చెప్పే మాట కాదు, వాడి మొహం మీదే ఎన్నోసార్లు అన్నాను. వాడూ కాదనలేదు. పక్కింటి ప్లమ్ చెట్టు తన చెట్టు కంటే ఓ బుట్ట ఎక్కువ కాస్తే ఆ ఏడు ప్లమ్ పళ్ళ సారా కాచడం మానేసిన మనిషి. యుద్ధంలో మైను మీద కాలేసి ఎడమకాలు మోకాలి కిందకి పోగొట్టుకున్నాడు. కాలు తీసేసిన మూడోరోజు పెళ్ళాం జుమ్రా ఆసుపత్రికి ఏడ్చుకుంటూ వెళ్తే, వాడు మొదట అన్న మాటేంటో తెలుసా?

"పక్కమంచం వాడికి చుట్టాలు ఏడుగురొచ్చారే. నాకు నువ్వొక్కదానివే."

జుమ్రా ఏడుపు ఆపేసి ఫక్కున నవ్విందట. "కాలు పోయింది గానీ మనిషి పోలేదు, అనుకున్నానక్కా" అని నాతో చెప్పింది.

నేను షెఫీకాని. బోస్నియాలో బోస్నా నది ఒడ్డున ఉన్న మా ఊరి బళ్ళో ఆటల హాలు ఊడుస్తాను, తాళాలు చూసుకుంటాను, వచ్చినవాళ్ళకి కాఫీ కాస్తాను. యుద్ధం ముగిసి అప్పటికి మూడేళ్ళు. కాళ్ళు పోయినవాళ్ళు మా ఊళ్ళో ఇరవైమందికి పైనే. వాళ్ళలో పదిమంది మంగళవారం, గురువారం సాయంత్రాలు హాలుకొచ్చేవారు. పెట్టుడు కాళ్ళు విప్పి గోడవార నిలబెట్టి, నేలమీద కూచుని వాలీబాల్ ఆడేవారు. నెట్టు కూడా కూచున్న మనిషికి తగ్గట్టు కిందకే కడతాం. అరచేతులతో నేలని తోసుకుంటూ అటూ ఇటూ జరగాలి. బంతి కొట్టేటప్పుడు పిర్రలు నేల విడవకూడదు. విడిస్తే తప్పు, పాయింటు అవతలివాళ్ళకి పోతుంది.

మా హాల్లో అంపైర్ లేడు. మొదటిరోజు నుంచీ ఒకటే పద్ధతి: లేచినవాడు తానే చెయ్యెత్తి "లేచాను" అనాలి. ఒకడి పిర్రల సంగతి ఇంకొకడు ఎత్తకూడదు. ఎందుకంటే, చచ్చి బతికి వచ్చినవాళ్ళు. ఒకడు అబద్ధమాడుతున్నాడని ఇంకొకడు అన్నాడంటే ఆ రోజే కర్రలతో కొట్టుకుంటారు.

రామిజ్ పని బంతి ఎత్తివ్వడం. వెనకాలవాళ్ళు ఆపిన బంతిని మెత్తగా అందుకుని, కొట్టేవాడి చేతికి సరిగ్గా అందేలా నెట్టు పక్కన లేపిపెట్టాలి. వాడి చేతులు దానికే పుట్టాయి. కానీ చప్పట్లు బంతి కొట్టేవాడికి, చెమట ఎత్తిచ్చేవాడికి. వాడికి ఆ ఏడుపు ఉండనే ఉంది. ఆపైన అల్మీర్ వచ్చాడు.

అల్మీర్‌కి ఇరవైనాలుగేళ్ళు. తెడ్ల లాంటి చేతులు. రెండు కాళ్ళూ తొడల దగ్గరే పోయాయి. వచ్చిన మొదటివారం బిడియంగా ఓ మూల కూచున్నాడు. రెండోవారం నూనె రాసినట్టు నేలమీద జారడం మొదలుపెట్టాడు. కింద ఈడ్చుకోవడానికి బరువు లేదు కదా! మిగతావాళ్ళు బంతి ఎక్కడ పడుతుందా అని చూసేలోపు వాడు అక్కడ ఉండేవాడు. నెలలోపే కొట్టడమే కాదు, ఎత్తివ్వడం కూడా నేర్చేసుకున్నాడు.

రామిజ్ ఇంటికెళ్ళి అన్నం ముట్టలేదట. జుమ్రాతో ఏమన్నాడో ఆవిడే వచ్చి చెప్పింది.

"వాడికేం, దేవుడు రెండూ తీసేసి తేలిక చేశాడు. నాకు మోకాలు వదిలి, సగం కాలు తగిలించి పంపాడు. ఇది ఆటలో అడ్డం తప్ప దేనికి?"

"అంత బాధైతే రెండోది కూడా ఇచ్చెయ్యరాదూ? మన పెరట్లోనే గొడ్డలి ఉంది."

"నీకు వేళాకోళంగా ఉంది. పింఛను కమిషన్ వాడికి వైకల్యం నూటికి నూరు శాతం రాసింది. నాకు అరవై."

"ఛీ, నోర్ముయ్! పోయిన కాళ్ళ మీద కూడా పోటీయేనా?"

పోటీయే. వాడి లోకంలో అన్నీ పోటీయే. ఒకరోజు అల్మీర్ ముందొచ్చాడని మొదటి కప్పు కాఫీ వాడికిచ్చాను. రామిజ్ రెండు వారాలు నా కాఫీ తాగలేదు. ఎండిన నాలికతో ఆడాడు గానీ తాగలేదు.

ఆ వసంతకాలంలో కబురొచ్చింది. రాజధాని సరయేవో నుంచి ఆటగాళ్ళని ఎంచే ముహారెమ్ అనే ఆయన వస్తున్నాడు, దేశం జట్టుకి బంతి ఎత్తిచ్చేవాడు ఒకడు కావాలి, మా ఊరి నుంచి ఒక్కణ్ణే తీసుకుంటారు. ఒక్కణ్ణే! రామిజ్ కళ్ళు చూడాలి మీరు. రంపపు మిల్లులో పనిచేసే రోజుల నుంచీ వాణ్ణి ఎరుగుదును, అంత ఆశ వాడి మొహంలో ఎన్నడూ చూడలేదు. ముప్ఫైఎనిమిదేళ్ళ మనిషి. మళ్ళీ ఇలాంటి అవకాశం రాదని వాడికీ తెలుసు. పొద్దున్నే ఇంటిగోడకి బంతి కొట్టుకుంటూ ఉంటే సున్నం రాలిపోయి జుమ్రా తిట్టిపోసేది.

ముహారెమ్ వచ్చే శనివారం రానే వచ్చింది. ముహారెమ్‌కీ ఒక కాలు లేదు. హాలు అవతలి చివర బల్లమీద కూచుని, ఒళ్ళో కాగితం పెట్టుకున్నాడు. రామిజ్ ఒక జట్టు, అల్మీర్ ఇంకో జట్టు. మా వాళ్ళు ఆయనకి ముందే చెప్పారు: ఇక్కడ అంపైర్ ఉండడు, ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకుంటారు అని. ఆయన తలూపాడు.

ఆట సమానంగా సాగుతోంది. అల్మీర్ ఒక బంతిని చేపలా జారి అందుకుని నెట్టు మీదుగా కొట్టేశాడు. హాలంతా హో అంది. ఆ హో ఇంకా ఆగలేదు, రామిజ్ గట్టిగా అరిచాడు.

"లేచాడు!"

నా చేతిలో కాఫీగిన్నె అలాగే ఉండిపోయింది. అంతవరకూ ఆ హాల్లో ఆ మాట ఇంకొకడి గురించి ఎవరూ అనలేదు. ఇబ్రో అని పెద్దాయన, అల్మీర్ పక్కనే ఉన్నాడు. నోరు తెరిచాడు, మళ్ళీ మూసేశాడు. లేవలేదు అని చెప్పాలంటే ఆయనా ఆ పద్ధతి తప్పాల్సిందే కదా!

అల్మీర్ రామిజ్ వైపు చూశాడు. కోపం లేదు, ఊరికే చూశాడు. తర్వాత నెమ్మదిగా చెయ్యెత్తాడు.

"లేచాను."

అలా మూడుసార్లు జరిగింది. మూడుసార్లూ రామిజ్ అరిచాడు, మూడుసార్లూ అల్మీర్ చెయ్యెత్తాడు. చివర్లో ముహారెమ్ కాగితం మడిచి, "కుర్రాడికి వేగం ఉంది. కానీ నేల విడుస్తున్నాడు, పెద్ద ఆటలో అది కుదరదు. ఈసారికి రామిజ్" అన్నాడు.

ఆయన కారు వెళ్ళగానే ఇబ్రో నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "షెఫీకా, వాడు నా మోచేతి పక్కనే ఉన్నాడు. నేలకీ వాడికీ మధ్య కాగితం కూడా దూరదు" అన్నాడు. ఇబ్రో గొంతు తగ్గించినా ఏం లాభం, నాకు చెప్పాక! మర్నాటికి ఊరంతా తెలిసింది.

ఊరు రామిజ్‌ని తిట్టి ఊరుకుంటే బాగుండేది. తిట్లు వాడికి అలవాటే. కానీ ఊరు అల్మీర్‌ని పొగడడం మొదలుపెట్టింది. రొట్టెల కొట్టు దగ్గర, మసీదు గుమ్మంలో, కూరగాయల సంతలో ఎక్కడ చూసినా అదే మాట. "పెద్దవాడి మాట పోకూడదని తన పాయింట్లు వదిలేశాడు, ఎంత మనసు!" ఇబ్రో భార్య అయితే, "వాడి కాళ్ళు తీసినా వాడి ఎత్తు తగ్గలేదు" అంది. ఆ మాట ఎవరు మోశారో గానీ రామిజ్ చెవిన పడింది.

బుధవారం పొద్దున్నే నా గదికొచ్చాడు. బడి ఫోను నా గదిలోనే ఉంటుంది. గడ్డం గీసుకోలేదు.

"అక్కా, సరయేవోకి ఒక ఫోను చేసుకోవాలి."

"చేసుకో. నేను బయటికెళ్ళనా?"

"నువ్వెళ్ళినా తలుపు దగ్గరే నిలబడతావు. కూచో."

నిజమే, కూచున్నాను.

"ముహారెమ్ గారూ, నేను రామిజ్‌ని. వాడు లేవలేదు. ఒక్కసారి కూడా లేవలేదు. నేనే అబద్ధం చెప్పాను..." కాసేపు విన్నాడు. "లేదు సార్, మంచితనం కాదు, నన్ను మెచ్చుకోకండి. ఊరంతా వాణ్ణి వలీ, దేవుడి మనిషి అంటోంది, నేను భరించలేకపోతున్నా. జట్టులో చోటు నాకు, పేరు వాడికా? తీసుకెళ్ళండి సార్ వాణ్ణి. ఇక్కడే ఉంటే ఇంకా పెద్దవాడైపోతాడు... నేనా? నా పేరు కొట్టెయ్యండి."

ఫోను పెట్టేసి నుదురు కొట్టుకున్నాడు. "అక్కా! ఇద్దర్నీ తీసుకోమని అడగలేదే!"

"చోటు ఒకటే కదరా."

"అడిగితే ఏం పోయేది! నా బుర్ర కాల."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. వాడు మాత్రం నా కుర్చీలో కూచుని, మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

శుక్రవారానికి అల్మీర్‌కి కబురొచ్చింది. వాళ్ళ గుమ్మం ముందు ఆడవాళ్ళు పిండివంటల పళ్ళేలతో బారులు తీరారు. జుమ్రా గుమ్మడికాయ కూరి కాల్చే పితా రొట్టె చేసి తీసుకెళ్ళింది. తిరిగొచ్చేసరికి రామిజ్ మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు.

"ఏ పళ్ళెంలో తీసుకెళ్ళావు?"

"ఇంట్లో ఉన్న పెద్దదాన్లో."

"పెద్దదాన్లోనా! నేను ఫోను చేసి తప్పు ఒప్పుకున్నందుకు ఒక్కడైనా నాకు పితా తెచ్చాడా?"

"నీ అబద్ధానికి తేవాలా, నీ నిజానికి తేవాలా? ఏదో ఒకటి తేల్చుకో, రేపు నేనే చేసిపెడతా."

శనివారం రామిజ్ అల్మీర్ ఇంటి తలుపు తట్టాడు. నేను చూడలేదు గానీ అల్మీర్ తల్లి చెప్పింది. క్షమించమనలేదు, కూచోమంటే కూచోలేదు.

"హాలుకి రా. నీ ఎడమచేతి బంతి వంకరగా పోతుంది. సరయేవోలో కొట్టేవాళ్ళు నా అంత ఓపికపట్టరు."

"నువ్వెందుకన్నా శ్రమపడటం?"

"అక్కడ నువ్వు సరిగ్గా ఆడకపోతే నా చోటు ఊరికే పోయినట్టు కదరా. రా."

అల్మీర్‌ని సరయేవో తీసుకెళ్ళే వాన్ వచ్చేలోపు పది రోజులున్నాయి. పది రోజులూ వచ్చారు. నేను నేల తుడుస్తుంటే, ఆ చెక్కనేల మీద ఇద్దరూ ఎదురెదురుగా. రామిజ్ తప్పు దొరికిన ప్రతిసారీ పండగ చేసుకునేవాడు, దొరకనప్పుడు మూలిగేవాడు. మొదట్లో తప్పులు చాలానే దొరికాయి. రాన్రానూ తక్కువయ్యాయి. ఆఖరిరోజు అల్మీర్ ఎడమచేత్తో ఇరవై బంతులు ఎత్తిచ్చాడు, ఇరవయ్యీ తిన్నగా వచ్చి రామిజ్ అరచేతికి అందాయి.

"ఇప్పుడెలా ఉందన్నా?" అన్నాడు అల్మీర్.

రామిజ్ బంతి ఒళ్ళో పెట్టుకుని అరచేత్తో తుడిచాడు.

"బాగుందిరా. అదే నా ఖర్మ" అని మళ్ళీ బంతి వేశాడు.