చేటెడు తవుడికి వచ్చిన పేరు

చిన్నమ్మి గెలిచిన పోట్లాటలు చాలా చూశాను. వాటిలో బడి గుమస్తాతో పడ్డదే నాకు ఇష్టం, ఎందుకంటే అందులో ఆమె గొంతు ఒక్కసారి కూడా పెంచలేదు.

1985 జులై. పొద్దున్నుంచీ వాన. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లకి దగ్గర్లోని ఒక హిందీ బడిలో, పిల్లల్ని చేర్చుకునే కిటికీ ముందు ఆడవాళ్ళం గొడుగులు మడుచుకుని వరసలో నిలబడ్డాం. మనవరాలిని చేర్చడానికి నేను, నా ముందు కూతురి చెయ్యి పట్టుకుని చిన్నమ్మి. మా రెండు క్వార్టర్లకీ మధ్య ఒకటే గోడ. వరసకి నన్ను పిన్నీ అంటుంది.

గుమస్తా తలెత్తకుండానే పిల్ల పేరు అడిగాడు.

"ఆయిషా," అంది చిన్నమ్మి.

"తండ్రి?"

"గొర్లె గోవిందరావు. లోకో షెడ్డులో ఫిట్టరు."

అప్పుడు తలెత్తాడు. "మీరు ఆంధ్రావాళ్ళు. హిందువులు. మరి ఈ పేరేమిటి?" అన్నాడు హిందీలో. "ఆశా అని రాస్తాను. కాదంటే ఉషా. రేపు పరీక్షల కాగితాల దగ్గర నీకే తలనొప్పి."

చిన్నమ్మి గొడుగు కిటికీ గట్టుకి ఆనించింది. తనూ హిందీలోనే మొదలుపెట్టింది. "బాబూజీ, మీ పుస్తకంలో ఆయిషాలు ఎంతమంది ఉన్నారు?"

వాడికేం తోచిందో, పేజీలు తిప్పి చూశాడు. "నలుగురు."

"ఉషాలు?"

"పదకొండు."

"అచ్ఛా! పన్నెండో ఉషాకి చోటుంది గాని అయిదో ఆయిషాకి లేదా?"

వెనకాల ఆడవాళ్ళు నవ్వారు. గుమస్తా చెవులు ఎర్రబడ్డాయి. "చోటు మాట కాదు. రూలుంటుంది."

"ఉంటే చదివి వినిపించండి. నాకు చదువు రాదు, మీకొచ్చు కదా."

వాడు రిజిస్టరు వంక చూశాడు. అందులో ఏ రూలూ లేదు. చిన్నమ్మి ఊరుకోలేదు. "నేను స్టేషన్లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూము ఆయాని. రోజూ వందమంది పేర్లు వింటాను, ఏ ఒక్కరి పేరూ మార్చలేదు. పేరు పెట్టడం మా పని, రాయడం మీ పని," అని, నా వైపు తిరిగి తెలుగులోకి దిగింది. "సూడు పిన్నీ, కలం ఈడి సేతిలో ఉన్నాదని పేరు కూడా ఈడిదే అనుకుంటన్నాడు."

వాడు రాశాడు. రాసినా ఆమె కదిలితేనా? వెనకున్న ఒక ఛత్తీస్‌గఢ్ ఆవిడకి రిజిస్టరు చూపించి, "దీదీ, ఏం రాశాడో పైకి చదువు," అంది. ఆవిడ పైకి చదివింది. అప్పుడు గొడుగు తీసుకుంది. నాకు మూడో తరగతి వరకూ చదువుంది, కానీ ఆ రోజు అంత తెలివి నాకుందని మాత్రం చెప్పను.

ఈ పేరు వాళ్ళింటికి ఎలా వచ్చిందో చెప్పాలి.

చిన్నమ్మిది బొబ్బిలి దగ్గర పల్లె. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక వరసగా ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. ఒకడు తొమ్మిది రోజులున్నాడు. ఒకత్తి నలభై రోజులుంది. 1980లో మూడోది పుట్టేనాటికి చిన్నమ్మి బిడ్డ మొహం చూడ్డానికే భయపడింది. పక్కలో పడుకోబెడితే తల అటు తిప్పుకునేది.

మా వైపు దీనికో ఆచారం ఉంది. పిల్లలు దక్కని తల్లి, పుట్టిన బిడ్డని చేటలో పెట్టి ఇంకో తల్లికి అమ్మేస్తుంది. వెల తవుడు. ఎవరు తవుడు పోస్తే బిడ్డ వాళ్ళది. కన్నతల్లి ఆ తర్వాత పాలిచ్చి పెంచే మనిషి, అంతే. చావు వెతుక్కుంటూ వచ్చి, ఈ ఇంట్లో వీళ్ళకి బిడ్డ లేదని చూసి వెనక్కి పోతుందట. పేరు పెట్టే హక్కు కూడా కొన్నవాళ్ళదే, మామూలుగా తవిటయ్య, తవిటమ్మ అని పెడతారు. మా ఊళ్ళలో అలాంటివాళ్ళు వీధికిద్దరు ఉంటారు.

గోవిందరావు అక్క ఊరి నుంచి వచ్చి అంతా సిద్ధం చేసింది. బిడ్డని కొనడానికి మా క్వార్టర్ల వరసలోనే ఉండే మంగాయమ్మని మాట్లాడింది. మంగాయమ్మ నలుగురు బిడ్డల తల్లి, నలుగురూ దుక్కల్లా ఉన్నారు. ఇక కావలసింది తవుడు. ఊళ్ళో అయితే ఏ మిల్లులోనైనా దొరుకుతుంది. రేషను బియ్యం తినే క్వార్టర్లలో తవుడెక్కడిది? పక్కనున్న తార్‌బహార్ బస్తీలో మేకలు పెంచే హమీదన్ బీ దగ్గర ఉంటుందని ఎవరో చెబితే, గోవిందరావు వెళ్ళి అడిగాడు. ఎందుకో చెప్పలేదు. ఇంట్లో పురుడు, తవుడు కావాలి అన్నాడంతే. మగవాళ్ళకి ఏ మాట ఎక్కడ చెప్పాలో తెలియదు.

పురిటిల్లని విన్నాక హమీదన్ బీ తవుడు వాడి చేతికివ్వకుండా తనే గంపలో పెట్టుకుని వచ్చింది. వాకిట్లో చేట, చేటలో బిడ్డ. పక్కన ఖాళీగా ఇంకో చేట. మంగాయమ్మ లోపల చీర మార్చుకుంటోంది. తవుడు దీంట్లో పొయ్యాలి కాబోలనుకుని హమీదన్ బీ ఖాళీ చేట నిండా పోసింది. బిడ్డ ఏడిస్తే ఎత్తుకుని భుజాన వేసుకుంది.

గోవిందరావు అక్క గుండెలు బాదుకుంది. "ఓలమ్మో, ఎంత పని సేసినావే! తవుడు పోసీసింది, పిల్లనెత్తీసింది!"

హమీదన్ బీ బిత్తరపోయింది. నేనే సర్దబోయాను. తెలియక జరిగింది, ఈ తవుడు పారబోసి మంగాయమ్మ చేత మళ్ళీ పోయిద్దాం అన్నాను. నేను కూడా ఆ రోజు అలాగే ఆలోచించాను, దాచను.

లోపల మంచం మీంచి చిన్నమ్మి గొంతు వినబడింది. మూడు రోజుల్లో అదే మొదటి మాట.

"అమ్మేసిన బిడ్డని మల్లీ ఎలగమ్మతాను పిన్నీ? అది నాది కాదు కదా."

ఆచారం మాది, మాట ఆమెది. హమీదన్ బీకి సంగతంతా హిందీలో చెప్పేసరికి ఆమె బిడ్డతో సహా గడప మీద కూలబడింది. ఆమెకి కూడా ఒక కొడుకు పోయాడని అప్పుడే తెలిసింది మాకు.

"నేను కొన్నాను కాబట్టి పేరు నేనే పెట్టాలా?" అంది.

"తవిటమ్మ అను, సాలు," అంది ఆడపడుచు.

"తవుడు నా మేకలకి. బిడ్డని తవుడంటానా? ఇది ఆయిషా."

అంటే ఏమిటని అడిగాం. అరబీ మాట, బతికేది అని అర్థం అంది. వాళ్ళ ప్రవక్తగారి ఇల్లాలి పేరు, అందుకే వాళ్ళలో ఇంటికొకరికి పెడతారట. మంగాయమ్మ కొత్త చీరతో బయటికి వచ్చి, "అంతమందికి ఉన్న పేరు ఎందుకు, ఎవరికీ లేనిది పెట్టు," అని ఎత్తిపొడిచింది. హమీదన్ బీ నవ్వింది. "మా బస్తీ కుళాయి దగ్గర నిలబడి ఆయిషా అని పిలువు, ఆరుగురు తిరుగుతారు. ప్రాణం తీసుకుపోవడానికి వచ్చినవాడు ఏ ఆయిషానని తీసుకుపోతాడు?"

లోపల చిన్నమ్మి కూడా నవ్వింది. బిడ్డని ఇటు తెమ్మంది. అప్పుడు చూసింది మొహం.

పిల్ల బతికింది. ఊరికే బతకడం కాదు, మా వరసలో మామిడికాయలన్నీ దాని రాళ్ళకే రాలేవి. హమీదన్ బీ రంజానుకి సేమ్యా గిన్నె పట్టుకుని వచ్చి, "నా సౌదా ఎలా ఉంది?" అని అడిగేది. కొన్న సరుకుని చూసుకోవడానికి వచ్చినట్టు పళ్ళు, గోళ్ళు అన్నీ చూసి వెళ్ళేది.

చిన్నమ్మికి ఆ పేరంటే గర్వం పట్టుకుంది. వెయిటింగ్ రూములో ఫినాయిలుతో గచ్చు తుడుస్తూనే, చంటిబిడ్డతో వచ్చిన ప్రతి తల్లినీ పేరు అడిగేది, అర్థం అడిగేది. బురఖా ఆవిడ ఎవరైనా ఆయిషా అంటే, "మాదీ ఆయిషాయే," అని కుర్చీ తుడిచి మరీ కూర్చోబెట్టేది. హౌరా వైపు నుంచి వచ్చేవాళ్ళలో ఎందరు, నాగపూర్ వైపు నుంచి ఎందరు అని సాయంత్రం నాకు లెక్క చెప్పేది. ఆ లెక్క విని విని నాకే విసుగొచ్చేది.

తర్వాత మా వరసలోనే వింత మొదలైంది. అప్పలనర్సమ్మ కోడలు తన కూతురికి ఆయిషా అని పెట్టుకుంది. తవుడూ లేదు, చేటా లేదు. ఏమే అంటే, "సిన్నమ్మి గుంటలాగ గట్టిగా ఉంటాదని," అంది. ఆ పైఏడు ఇంకో తెలుగు క్వార్టరులో, ఓంకార్ ఇంట్లో, ఇంకొకత్తి. చిన్నమ్మి కుళాయి దగ్గర నిలబడి కేకేస్తే ముగ్గురు తెలుగు ఆయిషాలు తిరిగేవాళ్ళు. చీర మార్చుకుంటూ బేరం పోగొట్టుకున్న మంగాయమ్మ మొహం అప్పుడు చూడాలి.

తొంభై రెండు డిసెంబరులో మసీదు గొడవలతో దేశం అంతా వేడెక్కినప్పుడు మా దగ్గర ఏమీ జరగలేదు, సలహాలు మాత్రం జరిగాయి. కొన్నాళ్ళు పిల్లని వేరే పేరుతో పిలవమని పెద్దమనుషులు చెప్పారు. చిన్నమ్మి వరండాలోకి వచ్చి ఇంకా గట్టిగా పిలిచింది.

పోయిన ఏడాది, అంటే 1999లో, పెళ్ళి కుదిరింది. ఆయిషా నర్సు ట్రైనింగు ముగించింది. అబ్బాయి దిలీప్ కోర్బాలో ఎలక్ట్రీషియను. తండ్రి తిరుపతయ్య రాయ్‌పూర్‌లో రైల్వేలో చేసి రిటైరైన మనిషి, ఆయనదీ బొబ్బిలి వైపే. అన్నీ నచ్చాయి. శుభలేఖ దగ్గర ఆయన ఉత్తరం వచ్చింది. ఊళ్ళో బంధువులకి తెలుగులో వేసే కార్డులో అమ్మాయి పేరు తనూజ అని వేయించమని, చదివినవాళ్ళు నవ్వకుండా ఉంటుందని. ఉత్తరం చదివి వినిపించింది నేనే.

గోవిందరావు ఒప్పుకుందామన్నాడు. ఆయిషా కూడా, "కార్డే కదమ్మా, చలేగా, పరవాలేదు," అంది.

"కార్డు మీద నేని పిల్లని పీటల మీద ఎలగ కూకోబెడతాను?" అంది చిన్నమ్మి. పేరు మారితే సంబంధం వద్దని కబురు పంపింది. కబురు వెళ్ళిన పది రోజులూ ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. పిల్ల దిలీప్ ఫొటోని పుస్తకంలో పెట్టుకుని తిరిగేది. చిన్నమ్మి అది చూసింది. చూసి కూడా దిగిరాలేదు.

పదకొండో రోజు తండ్రీకొడుకులిద్దరూ వచ్చారు. ఆయన వస్తూనే మర్యాద, పరువు అని మొదలుపెట్టాడు. చిన్నమ్మి టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"అన్నయ్యగారూ, మిమ్మల్ని మీ అమ్మ సిన్నప్పుడు ఏటని పిల్సీది?"

ఆ సంగతి ఆమెకి చెప్పింది నేను. బొబ్బిలిలో మా చుట్టాలకి ఆయన ఇల్లు తెలుసు. ఆయన గ్లాసు కింద పెట్టాడు. కొడుకు వింతగా చూస్తున్నాడు.

"తవిటయ్యా అని," అన్నాడు చివరికి. "నాకు ముందు ముగ్గురు పోయారు. ఉజ్జోగంలో సేరినప్పుడు మార్పించుకున్నాను."

"ఆ పేరు మిమ్మల్ని బతికించింది. మీరు దాసుకున్నారు. మీ ఇష్టం. నాను దాయను."

ఆయన కొడుకు వంక ఒకసారి చూసి అన్నాడు. "నన్ను కొనుక్కున్న తల్లి మా ఎనకింటి సాకలి సూరమ్మ. నా పెల్లి కార్డులో ఆవిడ పేరు ఎయ్యలేదమ్మా. పిలవడం కూడా మర్సిపోయినాను." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మీ పిల్ల పేరు అలగే ఉంచండి. నవ్వినోల్లకి నాను సెప్పుకుంటాను."

దిలీప్ లోపలి గది వైపు చూసి నవ్వాడు. పుస్తకం మూసిన చప్పుడు నాకు వినబడింది.

వాళ్ళు వెళ్ళిన సాయంత్రం చిన్నమ్మి ఒక తెల్ల కాగితం, కలం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఈ వరసలో పిల్లలందరూ హిందీ చదువులే. కూడబలుక్కుని చదివేవాళ్ళు ఒకరిద్దరున్నా, తెలుగు రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

"పిన్నీ, కార్డు నువ్వే రాయాల," అంది. "పిల్ల పేరు ఆయిషా అని పెద్దచ్చరాలతో ఎయ్యి. ఆడపిల్లోల దగ్గర ముందు హమీదన్ బీ అని రాయి. కొనుక్కున్న తల్లి ముందు, కన్నోలం ఎనక. తార్‌బహార్ అని ఊరు కూడా రాయి. రాసినాక ఇంకొకల సేత సదివించుకుంటాను, తప్పు రాసేవు సుమా."