బసవరాజు సారు పెట్టిన సంతకం

మొన్న మా ఇంట్లో కందికాయలు ఉడికించారు. ఉప్పునీళ్లలో పచ్చి పొట్టు ఉడికే వాసన ముందుగదిలో పత్రిక చదువుకుంటున్న నా దాకా వచ్చింది. ఆ వాసనలో మట్టీ ఉంటుంది, పచ్చి ఆకు చేదూ ఉంటుంది. మా ఆవిడ గిన్నె తెచ్చి ముందు పెట్టింది. ఒక కాయ విప్పి, తినడానికి ముందు లోపల ఏ గింజ నిండింది, ఏది తాలు పోయింది అని చూశాను. "గింజలు చూసుడేంది, తినరాదా" అంది ఆవిడ. పెళ్లయిన నాటి నుంచీ ప్రతి చలికాలం ఈ మాట అంటూనే ఉంది. ఎందుకు చూస్తానో మాత్రం ఆమెకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. చెప్పాలంటే బసవరాజు సారు గురించి చెప్పాలి.

డెబ్బైల మధ్యలో నేను కోహీర్ దగ్గరి మా ఊరి నుంచి జహీరాబాద్ కాలేజీకి వచ్చి డిగ్రీలో చేరాను. అప్పుడే అక్కడ లెక్కలు, ఫిజిక్సు, స్టాటిస్టిక్స్ కలిపి కొత్త గ్రూపు పెట్టారు. యూనివర్సిటీ ఇచ్చినది తాత్కాలిక అనుమతి. ఏటేటా ఫలితాలు చూసి పొడిగిస్తారు, లేదా తీసేస్తారు. స్టాటిస్టిక్స్ అన్న పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. "గా సదువుకు ఏ నౌకరి ఒస్తది?" అని మా నాయన అడిగితే నాకూ తెలియదు. లెక్కలంటే ఇష్టం, సీటు ఇచ్చారు, చేరాను. చేరినవాళ్లం ఒక బెంచీల వరుసకు సరిపోయేంత మందిమి. స్టాటిస్టిక్స్ చెప్పడానికి ఉన్నది ఒక్క లెక్చరరు, ఆయనే బసవరాజు సారు.

ఆయనది బీదర్ వైపు. ఇంట్లో కన్నడం, బజార్లో ఉర్దూ, మాతో ఈ రెండూ కలిసిన తెలుగు. మనిషి పొట్టి. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉండేవి. కాలేజీ మొత్తానికి చేత్తో తిప్పే లెక్కల యంత్రం ఒక్కటే ఉండేది. పాడవుతుందన్న భయంతో దాన్ని ప్రిన్సిపాల్ గది బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ప్రాక్టికల్ ఉన్న రోజు సారు దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని వచ్చి బల్ల మీద పెట్టేవాడు. మేము వంతులవారీగా పిడి తిప్పేవాళ్లం. మిగతా వేళల్లో లాగరిథం పట్టికలే దిక్కు.

మొదటి ఏడాది చలికాలంలో ఒక రోజు ఆయన మమ్మల్ని ఊళ్ల నుంచి వచ్చేటప్పుడు తలా ఒక సంచెడు కందికాయలు తెమ్మన్నాడు. ఒక్కో కాయలో నిండు గింజలు ఎన్ని, తాలు గింజలు ఎన్ని అని మాతో రాయించాడు. ప్రతి గింజా ఒక నాణెం ఎగరేసినట్టు, దాని బొమ్మా బొరుసూ దానిదే అనుకుంటే, ఇన్ని కాయల్లో ఎన్నింటికి ఎన్ని నిండు గింజలు రావాలో ఒక సూత్రం చెబుతుంది. సూత్రం చెప్పిన అంకెల పక్కన మేము విప్పి చూసిన అంకెలు పెట్టి, రెండూ ఎంత దూరంలో ఉన్నాయో కొలవాలి. దూరం తక్కువైతే కుదిరినట్టు, ఎక్కువైతే కుదరనట్టు. పాఠం అంతే.

నాకు కుదరలేదు. రెండుసార్లు పిడి తిప్పినా కుదరలేదు. చుట్టూ చూస్తే అందరికీ కుదిరింది. సారు ఒక్కొక్కరి కాగితం చూస్తూ మొయినుద్దీన్ దగ్గర ఆగాడు. మొయిన్ మొగుడంపల్లి వాడు, నా పక్క బెంచీ.

"మొయిన్, నీ కందికాయలు మన పుస్తకం సదువుకొని కాసినయా ఏంది? ఇంత మంచిగ కుదిరినయ్."

"మా దిక్కు కందులు జర షరీఫ్ సార్, చెప్పినట్టు వింటయ్" అన్నాడు వాడు.

అందరం నవ్వాము. సారూ నవ్వాడు. తర్వాత నా కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "ఎందుకు కుదరలే నర్సింలూ?" అని అడిగాడు. నాకు భయం వేసింది. లెక్క తప్పేమో అన్నాను. లెక్క సరిగ్గానే ఉంది, కాయలు ఎందుకు మాట వినలేదో చెప్పమన్నాడు. నేను చేను మనిషిని, ఆ సంగతి నాకు తెలుసు. "కాయలకు పురుగు జొస్తె ఒక్క గింజ తిని ఊకోదు సార్. పక్క గింజను గూడ తింటది" అన్నాను.

ఆయన కాగితం కింద పెట్టి అందరి వైపూ తిరిగాడు. "ఇన్నరా? గింజకు గింజకు సంబంధం లేనప్పుడే ఈ సూత్రం నడుస్తది. పురుగు సంబంధం కలిపింది. మీరందరు చివరి వరుస సర్ది ఆ పురుగును దాచిపెట్టిన్రు. కుదరకుంటె కుదరలేదని రాయుండ్రి. అది గూడ జవాబే."

సర్దడం అన్నది అక్కడ కొత్త విషయం కాదు. మిగతా కాలేజీల వాళ్ల దగ్గర నుంచి మాకు అందిన విద్య అది. ప్రాక్టికల్‌కు ఇచ్చే లెక్క ఎప్పుడూ కుదిరేదే ఇస్తారు కాబట్టి, కుదరకపోతే నువ్వే ఎక్కడో తప్పు చేశావు, వెనక్కి వెళ్లి ఒక అంకె జరుపు. అందరూ అలాగే చేసేవారు, మార్కులూ వచ్చేవి. ఆ రోజు తర్వాత నేను మాత్రం జరపలేదు. ఒకరు వద్దన్నారని మానేసినది కాదు. నేను చూసిన దాన్ని చూసినట్టే రాస్తే, దాని మీద ఒక పెద్దమనిషి నా మాట విన్నాడు. మా ఇంట్లోనూ బడిలోనూ అంతకు ముందు అలా జరగలేదు.

ఆ తర్వాత రెండేళ్లు ఆయన నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు. ఒకసారి ఖాళీ క్లాసులో యంత్రం తుడుస్తూ అన్నాడు. "నువ్వు ఎమ్మెస్సీ చెయ్యాలె. సీటుకు ఫస్ట్ క్లాస్ గావాలె, గది నువ్వు తెస్తవు. చేసినంక ఈడికే రా. నా ఒక్కనితోని ఈ గ్రూపు నిలబడదు. నా పక్క కుర్చీల కూసో." ఆ కుర్చీని నేను నిజంగానే చూసుకున్నాను. స్టాఫ్ రూములో ఆయన బల్ల పక్కన చేయి విరిగిన కుర్చీ ఒకటి ఉండేది.

చివరి ఏడాది ప్రాక్టికల్ పరీక్షకు నగరం నుంచి ఒక ఎగ్జామినరు వచ్చాడు. సైక్లోస్టైల్ చేసిన ప్రశ్నాపత్రాలు వెంట తెచ్చాడు. ఐదుగురు పిల్లలున్న కుటుంబాల్లో మగపిల్లలు ఎందరు అన్న లెక్క, పుస్తకాల్లో ఉండేదే. నేను చేశాను, కుదరలేదు. మళ్లీ చేశాను. పక్క బెంచీ నుంచి మొయిన్ గొణిగాడు. "అరె భయ్, సర్కారు పంపిన లెక్క కుదరకుంట ఎట్లుంటది? సర్దు, సర్దు." నేను దిద్దలేదు. కుదరలేదని రాసి ఇచ్చాను.

మధ్యాహ్నం నన్ను లోపలికి పిలిచారు. ఎగ్జామినరు, బసవరాజు సారు ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో యంత్రం ఉంది.

"ఏమయ్యా, ఇంతమందికి కుదిరిన లెక్క నీ ఒక్కడికీ కుదరలేదా?" అన్నాడు ఎగ్జామినరు.

"కాగితం మీదున్న అంకెలకు కుదరలేదు సార్" అన్నాను.

ఆయన తన సంచిలోంచి టైపు చేసిన జవాబు కాగితం తీసి, ప్రశ్నాపత్రం పక్కన పెట్టి వేలితో గీత గీతా పోల్చాడు. ఒక చోట వేలు ఆగింది. స్టెన్సిల్ కొట్టేటప్పుడు ఒక అంకె తారుమారైంది. నాకు తలకిందులుగా అయినా కనిపించింది, ఆయన చూశాడన్నదీ కనిపించింది. ఆయన జవాబు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "మీరొకసారి చూడండి బసవరాజు గారూ" అన్నాడు. సారు పిడి తిప్పాడు. నా కాగితం మీద ఉన్న అంకే వచ్చింది. ఆయన చెయ్యి పిడి మీదే ఉండిపోయింది.

"ఈ అబ్బాయిది సరైతే మిగతా అందరిదీ తప్పు. అందరూ కలిసి అంకెలు సర్దారని రాయాలి. రాయమంటే రాస్తాను. మీ గ్రూపుకు అనుమతి ఇంకా తాత్కాలికమే అనుకుంటాను" అన్నాడు ఎగ్జామినరు. గొంతులో కోపం కూడా లేదు. తన స్టెన్సిల్ మాట ఎత్తలేదు. నా కాగితం మీద లెక్క తప్పు అని రాసి సారు ముందుకు జరిపాడు.

నేను సారు వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. "నర్సింలూ, నువ్వు బయటికి పో బిడ్డా" అన్నాడు. నేను గడప దాటుతుండగా వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"సంతకం ఎక్కడ పెట్టాలె సార్?"

ఉన్నది ఉన్నట్టు రాసుకునే నా డైరీలో ఆ రోజు ప్రాక్టికల్ అయిపోయింది అని మాత్రమే రాసుకున్నాను. ఫలితాలు వచ్చాయి. ప్రాక్టికల్‌లో గట్టున పడేసే మార్కులు వేశారు. ఫస్ట్ క్లాసు కొద్దిలో పోయింది. మిగతావాళ్లంతా మంచి మార్కులతో పాసయ్యారు. "పాసైనవ్ గద, ఇంకేం గావాలె?" అన్నాడు మా నాయన. ఆయనకు ఏం పోయిందో చెప్పలేకపోయాను. ఎమ్మెస్సీ దరఖాస్తు తెచ్చి పెట్టుకున్నాను, నింపలేదు.

ఆ మరుసటి ఏడాదే స్టాటిస్టిక్స్ గ్రూపును తీసేశారు. చేరేవాళ్లు చాలడం లేదన్నారు. నాకు ప్రభుత్వ గణాంక శాఖలో కింది ఉద్యోగం దొరికింది. పంట కోత ప్రయోగాలు చేయడం నా పని. ఊళ్లో ఏ చేను కొలవాలో పట్టిక నుంచి చీటీ తీసినట్టు తీస్తారు. ఆ చేనులో మేకులు పాతి, తాడు కట్టి, ఆ గడిలో పండినంతా కోసి, నూర్చి, తూచి రాయాలి. ఝరాసంగం చుట్టుపక్కల జొన్న చేలల్లో ఎన్నో ఏళ్లు తిరిగాను. "గీ రాళ్ల చేనెందుకు సార్, పక్కకు మావోనిది మంచి చేనుంది" అనేవారు. కరువు పరిహారం వస్తుందనుకున్న ఏడు అదే మనుషులు మంచి చేను పడితే బాధపడేవారు. నేను పడిన చేనే కొలిచాను, తూగినదే రాశాను. దాని వల్ల నాకు మంచి పేరు వచ్చిందని అనుకోకండి. మొండివాడన్న పేరు వచ్చింది.

ఎనభైల మొదట్లో ఒక సాయంత్రం జహీరాబాద్‌లో కాగితాల దుకాణం దగ్గర సారు కనిపించాడు. సుద్దముక్కల డబ్బా కొంటున్నాడు. కాలేజీలో ఇప్పుడు ఉత్త లెక్కలే చెబుతున్నానని, సాయంత్రాలు ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెబుతున్నానని అన్నాడు. ఏం చేస్తున్నావని అడిగాడు, చెప్పాను. ఇద్దరం పక్క హోటల్లో చాయ్ తాగాము. చాయ్ సగం అయ్యాక ఆయనే అన్నాడు.

"నీ లెక్క సరైందే నర్సింలూ. నాకు అప్పుడే ఎరుక."

"నాకు గూడ ఎరుకే సార్. మరి సంతకం ఎందుకు పెట్టిన్రు?"

"అందరు పాసైతె గ్రూపు నిలబడుతదనుకున్న."

"నిలబడలే గద సార్."

"నిలబడలే." సాసరులో మిగిలిన చాయ్ వైపు చూశాడు. "నా మీద కోపమున్నదా?"

"ఉన్నది సార్."

క్లాసులో సరైన జవాబు విన్నప్పుడు ఊపినట్టే తల ఊపాడు. చాయ్ పైసలు ఆయనే ఇచ్చాడు. తప్పయింది అన్న మాట వస్తుందేమోనని నేను బయట సైకిల్ దగ్గర కాసేపు నిలబడ్డాను. రాలేదు.

తర్వాత ఆయన రిటైరై బీదర్ వెళ్లిపోయాడు. ఎనభైల చివర్లో నేను జిల్లా ఆఫీసులో కింది వాళ్ల లెక్కలు సరిచూసే స్థానంలోకి వచ్చాను. ఒక ఏడు వానలు వెనకపడ్డాయి. కొత్తగా చేరిన సుజాత అనే అమ్మాయి తూచిన జొన్న బాగా తక్కువ తేలింది. మా అధికారి అప్పటికే పైకి వేరే అంకె చెప్పేశాడు. నన్ను గదిలోకి పిలిచి, "ఈ పిల్లకు తూచడం రాలేదు. తూకం తప్పు అని రాసి సంతకం పెట్టు, నేను చెప్పిన అంకె పంపుదాం" అన్నాడు. ఆమె తలుపు దగ్గరే నిలబడి ఉంది. కోత రోజు నేనూ ఆ చేనులో ఉన్నాను. తక్కెడ కళ్లారా చూశాను.

"తూకం సరిగ్గనే ఉన్నది సార్" అన్నాను.

అధికారి మళ్లీ అడిగాడు. నేను మళ్లీ అదే చెప్పాను. అంతకుమించి ఏమీ జరగలేదు. సుజాత కాగితాలు పైకి వెళ్లాయి. నా ప్రమోషన్ ఫైలు కదలలేదు, రిటైరయ్యే దాకా కదలలేదు. ఆ గదిలో ఆ మాట అనడానికి పట్టిన సమయం ఎంతో నాకు బాగా గుర్తు. గుక్కెడు నీళ్లు మింగేంత సేపు కూడా పట్టలేదు. అదే నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం చాలా కష్టమైన పని అయి ఉంటుందని అన్నేళ్లూ అనుకుని, బసవరాజు సారును సగం మన్నించి ఉన్నాను.

ఆ సాయంత్రం జహీరాబాద్ బస్టాండులో దిగి, ఇంటికి పోకుండా బీదర్ బస్సు దగ్గరికి నడిచాను. బస్సు సగం ఖాళీగా ఉంది. కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి పిలుస్తున్నాడు. సారుకు చెప్పాలనుకున్నది ఒక్క మాటే, ఉన్న మాట చెప్పవచ్చు సార్, చెప్పినా ఎవరూ చావరు అని. ఎక్కడానికి కడ్డీ పట్టుకున్నాను కూడా. చెబితే ఆయన ఏం చేస్తాడో అప్పుడు కళ్లకు కట్టింది. కోపం తెచ్చుకోడు, సిగ్గుపడడు. నేను సరైన జవాబు చెప్పానన్నట్టు తల ఊపుతాడు. నేను పోతున్నది ఆ తల ఊపు కోసమే అని అర్థమైంది. కడ్డీ వదిలేశాను.

కొన్నేళ్లకు ఆయన పోయాడని మొయిన్ చెప్పాడు. నా పని ఆయన నేర్పిన పనే. ఎన్నిసార్లు చేసినా, అవునన్నట్టు ఆయన తల ఊపాలని ఇప్పటికీ ఉంటుంది. నాకు అంత అన్యాయం చేసినవాడి దగ్గర ఇంకా మార్కులు ఆశిస్తున్నందుకు నా మీద నాకే కోపం వస్తుంది. అయినా ఆశిస్తూనే ఉన్నాను.