నాయన జీపుకు సబ్బు

మా నాయన రోజూ పొద్దున్నే జీపుకు సబ్బు పూసేవాడు. కడగడానికి కాదు, డీజిల్ కారకుండా ఉండడానికి. బానెట్ ఎత్తి, తడిపిన సబ్బు ముక్కను డీజిల్ పైపు మీద మెత్తి, మళ్ళీ మూసేవాడు. ఆయన బాగేపల్లి పక్కన వేరుశనగ రైతు, నేను హైస్కూల్లో సైన్స్ మేష్టర్ని. కాబట్టి బండి గురించి కూడా నాకే ఎక్కువ తెలుసని నా నమ్మకం. జీపు నాకంటే పదేళ్ళు చిన్నదనీ, మర్యాదలో మాత్రం నాకంటే పెద్దదనీ మా అమ్మ అంటుంది.

ఆ రోజు చిక్కబళ్ళాపురంలో జీపుకు ఎఫ్‌సి, అంటే ఫిట్‌నెస్ పరీక్ష. డీజిల్ కారే బండిని పాస్ చేసేది లేదని ఇన్‌స్పెక్టరు పోయిన నెలే తిప్పి పంపాడు. ఈసారీ కాకపోతే జీపు పాత ఇనుము కొట్టుకే. ఇంట్లో ఆ మాట గట్టిగా అన్నది నేనే. గుండె ఆపరేషన్ అయిన మనిషికి ఈ డబ్బా ఎందుకని అడిగాను. "పాసయితే పెట్టుకుంటా. కాకుంటే నువ్వు చెప్పినట్లే కానీ" అన్నాడు నాయన. జీపు లేకపోతే చేనికి పోవాలన్నా ఆయన ఆటోవాణ్ణో, నన్నో బతిమాలుకోవాలి. ఇద్దరిలో ఆటోవాడే నయం.

ఆయన నడుపుతున్నాడు. పక్కన కూర్చున్న నా నోరు ఊరుకుంటుందా?

"ఏ సబ్బు పూసినావు నాయనా? గంధందా, వేపదా?"

"బట్టల సబ్బు."

"అయ్యో పాపం, తలకు షాంపూ పెట్టలేదా?"

"గమ్మునుండప్పా, రోడ్డు చూడనీ."

నిజానికి సబ్బు డీజిల్లో కరగదు, అందుకే కారడం ఆగినన్నాళ్ళు ఆగింది. సైన్స్ మేష్టరుకు ఆ ముక్క తట్టలేదు.

పేరేసంద్ర దగ్గర జీపు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పైపులోకి గాలి దూరిందన్నాడు నాయన. రోడ్డు పక్క షెడ్డు నుంచి మెకానిక్కును పిలుచుకొచ్చాను. అతను బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్‌తో సబ్బంతా గీకాడు. కింద రబ్బరు పైపు చుట్టూ సన్నని ఇనుప తీగ. దాని కొసన నల్లగా ఎండిపోయిన నిమ్మకాయ, మూడు మిరపకాయలు.

"ఎవురప్పా ఈ పని చేసింది! దిష్టి దండను పైపుకు కట్టుండారే. బండి అదిరేకొద్దీ తీగ రబ్బరును కోసేసుండాది."

అబ్బ, నాకెంత సంబరమో! నడిరోడ్డు మీదే పాఠం మొదలుపెట్టాను. "చూసినావా నాయనా! బళ్ళో పిల్లోళ్ళకు నేను మొత్తుకునేది ఇదే. నిమ్మకాయ బండిని కాపాడతాదంట! కట్టినోడికి బుర్రుంటే కదా!"

మెకానిక్కు నవ్వాడు. నాయన నవ్వలేదు. పైపు వైపే చూస్తున్నాడు.

"కట్టినోడు ఎవురో గానీ, దొంగమాదిరి కట్టినాడప్పా" అన్నాడు మెకానిక్కు. "అందురూ ముందర బంపర్‌కు కడతారు. ఎవురికీ కనబడకుండా ఇంత లోపల కట్టింది నేను యాడా చూళ్ళేదు."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. పోయినేడు నాయనను ఆపరేషన్‌కు బెంగళూరు తీసుకుపోయిన పొద్దున. జీపు నేనే నడపాలి. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఆ దండ నా చేతిలో పెట్టింది. బంపర్‌కు కడితే బళ్ళో పిల్లలు చూస్తారు, పరువు పోతుంది. కట్టకపోతే, ఆయనకేమన్నా అయితే? మేష్టరుగారు అటూ ఇటూ చూసి, బానెట్ ఎత్తి, చేతికందిన పైపుకు నాలుగు మెలికలు తిప్పారు. ఆపరేషన్ బాగా జరిగింది, నేను మరిచిపోయాను.

మెకానిక్కు కొత్త పైపు వేసి, చేత్తో పంపు కొట్టి గాలి తీశాడు. తీగను విసిరెయ్యబోతే నాయన చెయ్యి చాపి తీసుకుని, నిమ్మకాయతో సహా జేబులో వేసుకున్నాడు.

ఎఫ్‌సి పాసయింది. ఇన్‌స్పెక్టరు పైపు కింద వేలు పెట్టి చూసుకుంటే పొడిగా వచ్చింది. సంతకం చేశాడు.

తిరుగుదారిలో అడిగేశాను. "అది నేనే కట్టిందని నీకు తెలుసా నాయనా?"

"ఆసుపత్రి నుంచి వచ్చినాంక, ఆయిల్ చూసేదానికి బానెట్ ఎత్తినా. నీ ముడి నాకు తెలీదా?"

"పైపు కోసుకుపోతాందని కూడా తెలుసు కదా! పీకి పారెయ్యకుండా, ఆ సబ్బేంది? జీపే పోతాండె!"

నాయన గేరు మార్చాడు. రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.

"నన్ను ఎగతాళి చేయకుండా నాకోసం నువ్వు చేసిన పని అదొక్కటేనప్పా. ఎట్ల విప్పేది?"