గడియ బయట ఉన్న గది

మొన్న పులివెందులలో చీనీ బత్తాయిల మండీ పక్కన బస్సు కోసం నిలబడి ఉండగా, వెనక గోదాములో ఎవరో ఇనుప తలుపు మూసి గడియ లాగారు. తుప్పు పట్టిన ఇనుము రాసుకుంటూ పోయి చివర్లో ఠక్కున పడే చప్పుడు. చీనీ తొక్కల పులుపు వాసన, నెత్తిన ఎండ, బస్టాండు వైపు నుంచి కండక్టర్ల కేకలు అన్నీ ఒక్క క్షణం ఎటో పోయాయి. నాకు తెలియకుండానే వెనక్కి తిరిగి, "లోపల ఎవరన్నా ఉండారా?" అని అడిగాను. తాళం వేస్తున్న హమాలీ నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవురుంటారప్పా, ఖాళీ బుట్టలు" అన్నాడు. అలాంటి చప్పుడు విన్నప్పుడల్లా నాకు ఓబులేసు సారు గుర్తుకొస్తారు.

చాలా ఏళ్ల కిందట ప్రొద్దుటూరు శివార్లలో ఒక బాలుర పరిశీలన గృహం ఉండేది. ఏదైనా కేసులో పట్టుబడిన పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను విచారణ తేలేదాకా అక్కడ ఉంచేవారు. ఊళ్లో అందరూ దాన్ని పిల్లల జైలనే అనేవారు. సారు దానికి సూపరింటెండెంటు. సన్నగా, పొడుగ్గా, కొద్దిగా వంగి నడిచే మనిషి. చక్కెర జబ్బు. సొంతూరు జమ్మలమడుగు. వారంలో ఆరు రోజులు గృహం ఆవరణలోనే ఒక చిన్న గదిలో ఉండి, ఆదివారం మాత్రం ఇంటికి పోయి వచ్చేవారు. నాది పెద్దముడియం. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడోసారి ప్రయత్నించే ఓపిక లేక, అక్కడ కాపలా ఉద్యోగంలో చేరాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు.

చేరిన రోజు ఖాకీ ప్యాంటు వేసుకుని, చేతిలో లాఠీ పట్టుకుని పోయాను. సారు ఆ కట్టెను నా చేతిలోంచి తీసుకుని బరువు చూసినట్టు చూశారు.

"ఇది యాడ తెచ్చినావప్పా?"

"మా పెదనాయన కానిస్టేబుల్‌గా చేసినాడు సార్. ఆయనిచ్చినాడు."

"మంచిది. సాయంత్రం తీసకపోయి ఆయనకే ఇచ్చెయ్యి. ఆ ప్యాంటు గూడ రేపట్నించి వద్దు. ఈడికొచ్చే పిల్లోళ్లు ఖాకీని శానా చూసొచ్చింటారు. మనల్ని చూస్తే వాళ్లకు మామో అన్నో అనిపించాల."

నాకు నవ్వొచ్చింది. దొంగతనాలు చేసి వచ్చినవాళ్లకు మామలమూ అన్నలమూ కావడమేమిటనుకున్నాను. ఆ వారంలోనే ఒక కొత్త పిల్లవాణ్ని తెచ్చారు. నేను రిజిస్టరు తెరిచి పేరు అడగబోతే సారు నా చేతిలోంచి కలం తీసేసుకున్నారు. ముందు మంచినీళ్లు ఇప్పించారు. తర్వాత అన్నం. వంటమనిషి మస్తానమ్మ పక్కన కూర్చుని ఆ పిల్లవాడు తినేదాకా ఊరి కబుర్లు అడిగింది. ఆ తర్వాతే పేరు, ఊరు. దుస్తులు వెతకడం కూడా అందరి ముందూ కాదు, తెర వెనక, ఒక్క మనిషి. డాక్టరు వచ్చి ఒంటి మీది ప్రతి దెబ్బనూ రాసుకునేదాకా సారు అక్కడి నుంచి కదల్లేదు. "వాడు వచ్చేటప్పుడు ఎట్టుండాడో రాసి పెట్టుకోకుంటే, పోయేటప్పుడు మనమేం చేసి పంపించినామో ఎట్ట తెలుస్తాది?" అన్నారు.

అలాంటి గృహాలు ఎలా నడపాలో చెప్పే నిబంధనల పుస్తకం ఒకటి ప్రభుత్వం నుంచి వచ్చింది. చాలా చోట్ల అది బీరువాలో ఉంటుంది, తనిఖీ వాళ్లు వచ్చిన రోజు బల్ల మీదికి వస్తుంది. మా సారు మాత్రం ప్రతి సోమవారం పొద్దున అందరినీ కూర్చోబెట్టి అందులోంచి ఒక పేజీ చదివేవారు. ఒక్కో పిల్లవాడికి ఎంత చోటుండాలి, దుప్పటి ఎన్నాళ్లకు ఉతకాలి, ఇంటివాళ్లు వస్తే ఎంతసేపు మాట్లాడనివ్వాలి, ఇవన్నీ. చదివి ఊరుకోరు, అందరినీ వెంటబెట్టుకుని పోయి చూస్తారు. స్నానాల గదిలో తువ్వాలు తగిలించే కొక్కేలను చేత్తో పట్టుకుని వేలాడి చూసేవారు. బరువు పడితే అవి ఊడి రావాలి, అదీ నిబంధన. ఎందుకని నేను అడిగాను. చేతులు దులుపుకుంటూ, "మనసు విరిగిన పిల్లోడికి కొక్కెం గట్టిగుండకూడదప్పా" అన్నారు. ఇంకోరోజు, పుస్తకం మూస్తూ ఒక మాటన్నారు: "గోడ ఎంతెత్తుండాలో రాసింటారు. ఆ గోడ లోపల మనమెంత తగ్గుండాలో గూడ రాసింటారు. జనం మొదటిదే చదువుతారు."

నేనూ మొదటిదే చదివాను. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మద్దిలేటి అని పదిహేనేళ్ల పిల్లవాడు. పులివెందుల పక్క పల్లె. అరటితోటలో బోరు మోటారు కేబుల్ కోసి రాగి తీగ అమ్మబోతూ పట్టుబడ్డాడు. మాట తక్కువ. ఒక వేసవి మధ్యాహ్నం సారు, పిల్లల కేసులు తేల్చే బోర్డు విచారణకు కడపకు పోయి ఉన్నారు. మద్దిలేటి నీళ్ల ట్యాంకు మీదికెక్కి గోడ దూకి పారిపోయాడు. నేను చెప్పులు లేకుండా పొలాల వెంబడి పరిగెత్తి అర కిలోమీటరు దూరంలో పట్టుకున్నాను. కాళ్లలో ముళ్లు, గొంతు ఎండిపోయి ఉంది. వాడు పోయుంటే నా ఉద్యోగం పోయేదన్న భయం కోపంగా మారింది. చెంపల మీద రెండు కొట్టాను. తీసుకొచ్చి వెనకవైపు సామాన్ల గదిలో తోసి గడియ పెట్టాను. పాత ఇనుప మంచాలు పడేసే గది అది. పైన రేకులు, ఇనుప తలుపు, కిటికీ లేదు. గడియ బయట మాత్రమే ఉంది.

అర గంట ఉంచుదామనుకున్నాను. కాళ్లలో ముళ్లు తీసుకున్నాను, చెప్పులు వేసుకుని గేటు దగ్గర బియ్యం మూటలు దింపించాను. మధ్యలో రెండుసార్లు ఆ గదివైపు పోయాను. లోపల తలుపు కొడుతున్నాడు. "సార్, సార్" అంటున్నాడు. బుద్ధి రానీ అనుకుని వెనక్కి వచ్చాను. మూడోసారి పోయింది నేను కాదు, మస్తానమ్మ. పరిగెత్తుకుంటూ వచ్చి, "పిల్లోడు పలకతాలేడప్పా" అంది. గడియ తీసేసరికి వాడు తలుపుకు ఆనుకుని పడి ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది. చెమట కూడా లేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు డాక్టరు.

సారు వచ్చేలోపల నేనూ, నాతోపాటు కాపలా చేసే ఇంకొకాయనా ఒక మాట అనుకున్నాం. ట్యాంకు మీద ఎండలో కూర్చుని కళ్లు తిరిగి పడ్డాడని. అదే కాగితం మీద రాశాం, తెలివొచ్చాక మద్దిలేటికీ అదే చెప్పమన్నాం. మస్తానమ్మ మమ్మల్ని చూసి, "నన్ను అడిగితే మాత్రం నేను ఉన్నదే చెప్తా" అని వంటింట్లోకి పోయింది. సారు కడప నుంచి నేరుగా ఆసుపత్రికే వచ్చారు. మద్దిలేటిని ఏమైందని అడిగారు. వాడు తలుపు దగ్గరున్న నన్ను చూసి, "ట్యాంకు మీద నుంచి పడినా సార్" అన్నాడు. సారు వాడి చేతులు తిప్పి చూశారు. పిడికిళ్ల మీద చర్మం లేచిపోయి ఉంది, గోళ్లలో తుప్పు. చేతులు మెల్లగా మంచం మీద పెట్టి, దుప్పటి సర్ది, బయటికి వచ్చేశారు.

మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు నన్ను పిలిచి సామాన్ల గది దగ్గరికి తీసుకుపోయారు. మస్తానమ్మ అక్కడే ఉంది.

"ఈ గది గురించి రిపోర్టు రాయాలప్పా. చూడంది ఎట్ట రాసేది? రా, కూచుందాం. అమ్మా, నువ్వు గడియ పెట్టి ఈడ్నే ఉండు. అరగంటకు తియ్యి."

గడియ పడింది. చీకటి, మీద రేకుల నుంచి దిగే సెగ. సారు ఇనుప మంచం మీద కూర్చోబోయి, కాలి, లేచి నేల మీద కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను. కాసేపటికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. లోపలి గాలి పీల్చుకుంటే ముక్కు మండింది. తలుపును చేత్తో తడిమాను. లోపలివైపు పట్టుకోవడానికి ఏమీ లేదు. బయట మస్తానమ్మ దగ్గిన చప్పుడు వినిపించింది. మనిషి అంత దగ్గర్లో ఉన్నా ఆ గదిలో ఎంత ఒంటరిగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"అక్కా, తలుపు తియ్యి" అన్నాను.

"ఇంగా పది నిమిషాలు గూడ కాలేదప్పా" అన్నారు సారు, నేల మీద నుంచి.

"సార్, వాణ్ని నేనే పెట్టినా."

"ఎంతసేపు?"

"రెండు గంటలు సార్."

ఆయన గోడ పట్టుకుని లేచి, "మస్తానమ్మా, తియ్యి తల్లీ" అన్నారు. బయటికి వచ్చాక ఆయన నీడలో కూర్చుని, మస్తానమ్మ ఇచ్చిన చెంబెడు నీళ్లూ తాగేశారు. చక్కెర జబ్బున్న మనిషి ఆ వేడిలో కూర్చోకూడదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆఫీసులో రిజిస్టరు నా ముందు పెట్టి, "చేసినోడే రాయాల" అన్నారు. నేను రాశాను. "సదరు బాలుడు సామాన్ల గదిలో ఉంచబడెను." సారు చదివి, ఆ చివరి మాట మీద వేలు పెట్టారు.

"ఉంచబడెనా? ఎవురుంచినారు? తలుపు దానంతట అదే పడిందా?"

కొట్టేసి, "నేను ఉంచినాను" అని రాశాను. కొట్టిన సంగతీ రాశాను, అబద్ధం కాగితం సంగతీ రాశాను. "సార్, నా ఉద్యోగం పోతాది" అన్నాను. "పోవచ్చు. నాది గూడ పోవచ్చు" అన్నారు. కలం తీసుకుని నా రాత కింద ఆయన కూడా రెండు ముక్కలు రాశారు. తాను లేనప్పుడు బాధ్యత ఎవరిదో నియమించి పోలేదని, ఆ గదికి బయటి గడియ తీయించాలని తెలిసీ వాయిదా వేశానని, రెండూ తన తప్పులేనని. ఆ కాగితం నకలు ఆ సాయంత్రమే బోర్డుకూ పై అధికారికీ పంపించారు.

నన్ను సస్పెండ్ చేశారు. వెళ్లేముందు సారు నన్ను ఆసుపత్రికి తీసుకుపోయారు. మద్దిలేటి మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. కొట్టినందుకు తప్పయిందని చెప్పాను. వాడు కిటికీ వైపు చూస్తూ అన్నాడు: "కొట్టింది కాదన్నా. లోపల నేను పిలుస్తాంటే నీ చెప్పుల చప్పుడు వినపడతాండె. దగ్గరికొస్తాండె, మళ్లా పోతాండె."

నాలుగు నెలల తర్వాత నన్ను మళ్లీ తీసుకున్నారు. అప్పటికి ఆ గదికి తలుపే లేదు. సారుకు రావలసిన ప్రమోషన్ మాత్రం ఆగిపోయింది. చెప్పకపోతే ఎవరికి తెలిసేదని తోటి అధికారులే ఆయన్ను తప్పుబట్టారట. ఇది నాకు మస్తానమ్మ చెప్పింది, ఆయన ఎన్నడూ చెప్పలేదు. ఆ కుర్చీలోనే రిటైరయ్యారు. మద్దిలేటిని బోర్డు తల్లికి అప్పగించింది. సారు తిరిగి తిరిగి పులివెందులలో ఒక మోటారు వైండింగ్ షాపులో పని ఇప్పించారు. ఒకసారి బస్టాండులో ఎదురై నమస్తే అన్నాడు, ఆగలేదు. ఆగమని నేనూ అడగలేదు. ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు.

చివరిసారి సారును జమ్మలమడుగులో వాళ్లింట్లో చూశాను. చక్కెర ఒక పాదాన్ని తీసుకుంది. "నన్నెందుకు మళ్లా తీసుకోమని రాసినారు సార్?" అని అడిగాను. ఎన్నేళ్లుగానో అడగాలనుకున్న మాట.

"నీ చేత్తో నువ్వు రాసినావు గదప్పా. అట్ట రాసిన చెయ్యి మళ్లా గడియ మీదికి పోవాలంటే కష్టం." కొంచెం నవ్వి, "ముందు మాత్రం ఉంచబడెను అనే రాసినావు లే" అన్నారు. రెండు నెలలకు పోయారు.

పరీక్షలు రాసి, మెట్టు మెట్టు ఎక్కి, ఇప్పుడు నేనే ఇంకో జిల్లాలో అలాంటి గృహానికి బాధ్యుణ్ని. కిందటి నెల కొత్తగా చేరిన కాపలా అబ్బాయి ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పిల్లవాడు మెట్ల మీద జారి గాయపడెను, అని ఉంది. రాత ముత్యాల్లా ఉంది. నేను రెండుసార్లు చదివాను. కలం మూత పెట్టి లేచాను.

"పదప్పా, ఆ మెట్లు చూపించు" అన్నాను.

అతడు కదల్లేదు. నా మొహం వైపు కాకుండా కాగితం వైపు చూస్తూ నిలబడ్డాడు. "అది ఇట్లియ్యండి సార్. ఇంకోటి రాస్తా" అన్నాడు. కుర్చీ అతనికి జరిపి, కలం పక్కన పెట్టి, నేను లోపల ఆ పిల్లవాడి దగ్గరికి నడిచాను.