నాలుగో మూల

సాంబశివరావు చెవికి మాచర్ల నాపరాళ్ల ఫ్యాక్టరీలో ఉన్న విలువ ఆయన ఇంట్లో లేదు. గని నుంచి రాళ్లు దిగితే, మిషన్ ఎక్కించే ముందు ఆయన రావాల్సిందే. చిన్న సుత్తితో బండ నాలుగు మూలలా తడతాడు. మంచి రాయి కంచుపళ్లెంలా ఖంగుమంటుంది. లోపల నెర్రె ఉన్నది తడిసిన డప్పులా మూలుగుతుంది. ఆయన "పక్కన పెట్టండి" అంటే ఓనరైనా నోరెత్తడు. వెల్దుర్తిలో ఉన్న రెండెకరాలు బీడు పడ్డాక, పదో తరగతి తప్పి వచ్చి ఈ పనిలో చేరాడు. ఇరవై రెండేళ్లయింది.

ఇంట్లో మాత్రం ఆయన మొద్దు నాన్న.

కూతురు సాయిసాత్వికకు తొమ్మిదేళ్లు. ఏ తేదీ చెప్పినా అది ఏ వారమో చిటికెలో చెప్పేస్తుంది. చదివేది నాలుగు, చేసేది ఏడో తరగతి లెక్కలు. ఆ తెలివి చూసి మేనమామ ప్రవీణ్ కుమార్ ఊరుకోలేదు. 'చిన్నారి ప్రొఫెసర్' అని యూట్యూబ్‌లో ఛానల్ పెట్టాడు. ఆదివారానికొక కామెడీ కథ, నటులంతా ఇంట్లోవాళ్లే. కథ ఏదైనా నాన్న ఒక తప్పు కూయాలి, పిల్ల దిద్దాలి, తల్లి దేవిక నెత్తి కొట్టుకోవాలి. "ఫ్రిజ్ తలుపు తీసిపెడితే ఇల్లంతా చల్లబడిద్ది గదే" అని సాంబశివరావు అన్న కథను రెండు లక్షల మంది చూశారు.

ఆయనకేం బాధ లేదు. ఫ్యాక్టరీలో కుర్రాళ్లు "మొద్దు నాన్నా, టీకి రా" అని పిలిస్తే నవ్వుతూ వెళ్లేవాడు. దీపం వెలిగితే ప్రమిదకు మసి అంటుతుంది, దానికి ప్రమిద ఏడుస్తుందా అనుకునేవాడు.

ఒక మంగళవారం సాయంత్రం పిల్ల హోంవర్క్ చేసుకుంటోంది. ప్రవీణ్ లేడు, ఫోన్ లేదు. సాంబశివరావు పక్కన కూర్చుని, "ఏందమ్మా అది, గుండ్రంగా గీశావు?" అన్నాడు.

"నీకు అర్థం కాదులే నాన్నా."

తల కూడా ఎత్తలేదు. అచ్చం వీడియోలో అనే గొంతు. వీడియోలో అయితే ఆ మాట వెనకాలే నవ్వుల చప్పుడు వస్తుంది. ఇంట్లో రాలేదు. దేవిక వంకాయలు తరుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

ఆయన లేచి బయటికి వెళ్లాడు. పిల్ల ఇంకా వేషమే కడుతోందా, లేక నిజంగా నమ్మేసిందా? ఈ ప్రశ్న ఎవరినని అడుగుతాడు? పిల్లనే అడిగితే ఏం జవాబు వస్తుందోనని భయం. వారమంతా రాళ్లు తడుతూనే ఉన్నాడు, లోపల ఆ మాట మోగుతూనే ఉంది.

ఆదివారం ప్రవీణ్ ఆటోలో రెండు బండలు, ఒకటి మంచిది, ఒకటి నెర్రె ఉన్నది, తెచ్చి వాకిట్లో ఇటుకల మీద పరిచాడు.

"బావా, సీన్ చెప్తా ఇను. మెట్టుకి రాయి కావాల. నువ్వు రెండూ తట్టి, 'ఈ రాయి నన్నేసుకోమంటంది' అని నెర్రె రాయిని ఎంచు. సాత్వి వచ్చి 'రాళ్లు మాట్లాడవు నాన్నా' అని దాని మీద ఎక్కిద్ది. రాయి పుటుక్కుమనిద్ది. అంతే. జానెడెత్తు, ఏం కాదు."

సాంబశివరావు తట్టాడు. చెయ్యి మంచి రాయి మీద ఆగింది.

"అది కాదు బావా, రెండోది."

మళ్లీ తట్టాడు. మళ్లీ అదే రాయి. అయిదుసార్లు తీశారు.

"ఏంది బావా, ఫ్రిజ్ తలుపు తీసినోడివి రాయి ఎంచలేవా?"

"త్వరగా కానీయండయ్యా, పొయ్యి మీద పప్పు మాడిద్ది," అంది దేవిక గుమ్మంలోంచి.

"నా వల్ల కాదురా," అని సాంబశివరావు మెట్టు మీద కూలబడ్డాడు. "మా ఫ్యాక్టరీలో బండలెత్తే కాలేషా కాలు నువ్వు చూడలా?"

పిల్ల దగ్గరికి వచ్చింది. "కాలేషా మావది పుట్టుకతో కుంటి కాదా నాన్నా?"

"కాదు. నా వల్ల వచ్చిన కుంటి అది." సుత్తి వైపు చూస్తూ చెప్పాడు. "నువ్వు పుట్టకముందు. లారీవాడు హారన్ మీద హారన్. ఒక బండకి మూడు మూలలు తట్టా, బాగనే మోగింది. నాలుగోది తట్టలా. మావ ఎత్తేసరికి ఆ మూల విరిగి పాదం మీద పడింది. రెండు వేళ్లు పోయినయ్. ఇయ్యాల్టిదాకా నన్నొక్క మాట అనలా ఆయన. తిట్టినా బాగుండేది."

సాత్విక సుత్తి తీసుకుంది. ఒక బండ తట్టింది, రెండోది తట్టింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"రెండూ ఒకేలా మోగుతున్నాయి."

"ఎన్ని మూలలు తట్టావ్?"

"మూడేసి. మూడు ఒకేలా ఉంటే నాలుగోదీ అంతేగా."

"నేనూ అట్టాగే అనుకున్నా," అన్నాడు సాంబశివరావు.

పిల్ల మొహం పాలిపోయింది. తర్వాత వంగి, రెండో బండ నాలుగో మూల మీద తట్టింది. ఇంకోసారి తట్టింది. చెవి ఆనించి మూడోసారి.

"ఇదేదో వేరేగా ఉంది... కాదేమో. నాకు తెలీట్లేదు నాన్నా."

'నీకు అర్థం కాదులే' అనే మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"నాకు రెండేళ్లు పట్టిందమ్మా. మళ్లీ కొట్టు."

ప్రవీణ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "మరి ఈ వారం ఏం పెట్టేది బావా?" అన్నాడు మెల్లిగా.

పిల్ల కొట్టింది. కొట్టి, రాయి వంక కాక, జవాబు కోసం తండ్రి మొహంలోకి చూసింది.