పోస్టాఫీసు మెట్ల మీద ఐర్లాండ్

మొన్న పొద్దున మెట్రోలో ఉండగా ఫోన్ వచ్చింది. మా చరిత్ర మాస్టారు పోయారట. మయూర్ విహార్‌లోని ఇంట్లో, నిద్రలోనే. దిగాల్సిన స్టేషన్ దాటిపోయినా నాకు తెలియలేదు.

ధౌలా కువాన్ దగ్గర మా కాలేజీలో ఆయన పాఠం చెప్పేవారు. కోస్తా మనిషి. ఢిల్లీలో ఎన్నేళ్లున్నా యాస వదల్లేదు, హిందీ కూడా ఆ యాసలోనే మాట్లాడేవారు. చలికాలంలో మెడకు మఫ్లర్, చేతిలో వేయించిన వేరుశనగల పొట్లం. జవాబు చెప్పినవాళ్లకూ చెప్పలేనివాళ్లకూ ఒకేలా పంచేవారు.

ఐర్లాండ్ అంటే ఆయనకు ప్రాణం. సిలబస్‌లో దానికి దక్కింది ఒక మూల. ఆయన మాత్రం రోజుల తరబడి చెప్పేవారు. బంగాళాదుంప పంట కుళ్లి జనం ఆకలితో రాలిపోతుంటే, అక్కడి రేవుల నుంచి ధాన్యం ఇంగ్లండుకు తరలుతూనే ఉందని చెప్పి, "తెగులు రావడం ఎవరి చేతుల్లోనూ లేదు. ఓడని పోనివ్వడం మాత్రం మనిషి చేసిన పనే" అనేవారు.

నేను నల్లగొండ నుంచి వచ్చిన తెలుగు మీడియం పిల్లను. మొదటి సెమినార్‌లో లేచి నిలబడితే నోరు పెగల్లేదు. వెనక బెంచీల్లో నవ్వులు. మర్నాడు స్టాఫ్‌రూముకు వెళ్లాను.

"నేను ఊరికి పోత సార్. ఇంగ్లిష్‌ల మాట్లాడుడు నాతోని అయితలేదు."

"వెళ్దువుగాని లేమ్మా. సోమవారం దాకా ఆగు. నీతో నాకో పనుంది."

సోమవారం క్లాసంతటినీ దగ్గర్లోని పోస్టాఫీసుకు నడిపించుకెళ్లారు. 1916లో ఈస్టర్ సోమవారం నాడు డబ్లిన్‌లో బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డ ఐరిష్ వాళ్లు పెద్ద పోస్టాఫీసును ఆక్రమించి, దాని ముందు నిలబడి, తమది ఇక స్వతంత్ర దేశమని చదివి వినిపించారు. ఆ ప్రకటన సారాన్ని మాస్టారు తెలుగులో రాసి తెచ్చారు. కాగితం నా చేతిలో పెట్టి, మెట్లు చూపించారు.

"తెలుగులనా సార్? ఇక్కడ ఎవరికి సమజైతది?"

"ఆవేళ మాత్రం ఎంతమందికి అర్థమైందిలే. చదువు."

చదివాను. మొదట నా మాట నాకే వినపడలేదు. జనం స్పీడ్ పోస్ట్ లైను ఎక్కడని అడుగుతూ నన్ను తప్పుకుని పోతున్నారు. ఏం జరుగుతోందంటూ గార్డు పరుగున వచ్చాడు.

"క్యా హో రహా హై, మాస్టర్‌జీ?"

"ఇతిహాస్ హో రహా హై, భయ్యా" అన్నారాయన, చరిత్ర జరుగుతోందని, ఎంతో మర్యాదగా. గార్డు కూడా నిలబడి విన్నాడు. నా గొంతు ఎప్పుడు పెద్దదైందో నాకే తెలియదు.

ముగించేసరికి లైన్లోంచి ఒకావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉంటుందట.

"తెలుగు వినపడి ఆగానమ్మా. ఎవరికి స్వాతంత్ర్యం?"

"ఐర్లాండ్‌కు ఆంటీ."

"వచ్చిందా మరి?"

నేను మాస్టారి వైపు చూశాను.

"వచ్చిందమ్మా. వెంటనే కాదు. వచ్చేటప్పటికి దేశం రెండు ముక్కలైంది" అన్నారాయన.

"అయ్యో, వాళ్లకీ అంతేనా!" అని ఆవిడ మళ్లీ లైన్లోకి వెళ్లిపోయింది.

నేను ఊరికి పోలేదు. తర్వాతి సెమినార్‌లో తప్పుల ఇంగ్లిష్‌తోనే చివరిదాకా మాట్లాడాను. ఇప్పుడు నేనూ చరిత్రే చెబుతున్నాను. నోరు తెరవలేని పిల్ల ఎదురైనప్పుడు, ముందు తన భాషలోనే చెప్పమంటాను.

అయితే ఆయన పేరు తలచుకోగానే నాకు కళ్ల ముందు నిలిచేది పోస్టాఫీసుకు వెళ్లొచ్చిన మర్నాటి క్లాసు. డబ్లిన్ కథలో మిగిలింది ఆ రోజు చెప్పారు: తిరుగుబాటు ఓడిపోయింది. లొంగిపోయి వెళ్తున్నవాళ్లను సొంత ఊరి జనంలోనే కొందరు తిట్టారు. నాయకుల్ని వరుసగా కాల్చి చంపడం మొదలయ్యాక ఆ జనం మనసు మారింది. గాయాలతో నిలబడలేని ఒకాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు. మోకాళ్ల నొప్పితో ఎప్పుడూ కూర్చునే పాఠం చెప్పే మాస్టారు, ఆ మాట దగ్గర బల్ల పట్టుకుని మెల్లగా లేచారు. బెల్లు మోగింది. మాలో ఎవ్వరూ కదల్లేదు. కిటికీలోంచి పడుతున్న ఎండలో ఆయన అలాగే నిలబడి ఉన్నారు, ఒక చెయ్యి ఖాళీ కుర్చీ మీద ఆనించి.